మజిలీలలో పూర్తయ్యే మాయాలోకం

మాంత్రికులు, శాపాలు, మాట్లాడే మృగాలు, నేల విడిచి తేలే ద్వీపాలు వంటి విశేషాలతో, మన లోకపు నియమాలకు లొంగని వేరొక లోకాన్ని కథావస్తువుగా చేసుకున్న రచనను నేడు ఫాంటసీ అని పిలుస్తున్నారు. తెలుగులో ఇదే తరహా రచన జానపద నవల అనే పేరుతో, విశ్వవిద్యాలయాల్లో బోధించే జానపద విజ్ఞానంతో పెద్ద సంబంధమేమీ పెట్టుకోకుండా, పిల్లల పత్రికల్లోను, రైల్వే స్టేషన్ల పుస్తకాల బడ్డీల్లోను, అద్దె పుస్తకాల దుకాణాల్లోను దశాబ్దాల పాటు బతికింది. ఇటువంటి నవల రాయాలంటే ఏకాంతం కావాలని, ఏడాది పొడవునా తీరిక ఉండాలని, అందువల్ల ఉద్యోగమో వ్యవసాయమో సంసారమో నెత్తిన ఉన్నవారికి అది సాధ్యమయ్యే పని కాదని ఒక అభిప్రాయం చాలామందిలో స్థిరపడి ఉంది. ఆ చరిత్రను కాస్త నిదానంగా చూస్తే మాత్రం వేరే సంగతి తెలుస్తుంది: తెలుగు అద్భుత కథకు ఆకృతినిచ్చింది తీరిక కాదు, విడత. ఒక రోజు పని ముగిశాక దొరికిన కొద్దిపాటి వ్యవధిలో చెప్పగలిగినంత చెప్పి, మిగిలినది రేపటికి దాచుకునే పద్ధతిలోనే ఈ కథ పెరిగింది గనుక, పని ఉన్నవారి జీవితానికి అది పరాయి ప్రక్రియ కానే కాదు.

ఈ మాటకు మొదటి సాక్ష్యం మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాలుగా రచించిన కాశీమజిలీ కథలు. మణిసిద్ధుడనే బ్రాహ్మణుడు కాశీకి కాలినడకన వెళ్తూ తోడు కోసం వెదికితే, ఒక గొల్ల పిల్లవాడు ప్రతి మజిలీలోను తాను చూసిన వింతను గురించి కథ చెప్పాలనే షరతు మీద బయలుదేరుతాడు. మజిలీ అంటే బాటసారి పగటి నడక ముగించి, వంట చేసుకొని, రాత్రికి విశ్రమించే చోటు. కథ ఎంత రసపట్టులో ఉన్నా ప్రయాణం ఆగదు, మరునాటి నడక తప్పదు, ఆ నడక ఉన్నందువల్లనే పై మజిలీలో కథ మళ్లీ మొదలవుతుంది. చదువరికి ఇది కథలను ఒక తాడున గుచ్చడానికి వాడిన ఉపాయంగా మాత్రమే కనిపించవచ్చు గాని, పని చేసుకుంటూ రాయదలచినవారికి ఇందులో ఒక పూర్తి కార్యక్రమం ఉంది. 1951లో వచ్చిన పాతాళభైరవి చిత్రానికి ఈ కథల ఛాయలు ఆధారమయ్యాయని చెబుతారు. అదే చిత్ర నిర్మాణ సంస్థకు చెందిన నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మద్రాసులో ప్రారంభించిన చందమామ పత్రిక, మజిలీ పద్ధతిని నెలవారీ ధారావాహికగా మార్చి ఇంటింటికీ చేర్చింది. ధారావాహిక అంటే ఒక పెద్ద కథను సంచికకు కొంత చొప్పున, ప్రతి భాగాన్నీ ఉత్కంఠ దగ్గర ఆపుతూ ప్రచురించడం.

చందమామ ధారావాహికలను తలచుకోగానే తలచుకోవలసిన పేరు దాసరి సుబ్రహ్మణ్యం, అయితే ఆ ధారావాహికలు చదివి పెరిగిన లక్షలమందిలో చాలామందికి ఆ పేరు చాలాకాలం తెలియదు, ఎందుకంటే పత్రికలో వాటికి రచయిత పేరు వేసేవారు కాదు. తెనాలి ప్రాంతంలోని చినగాదెలవర్రులో 1932లో పుట్టిన ఆయన, 1952లో చందమామ సంపాదకవర్గంలో చేరి అర్ధ శతాబ్దానికి పైగా అక్కడే పనిచేశారు. 1954లో తోకచుక్కతో మొదలైన ఆయన ధారావాహికలు మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు అనే పేర్లతో 1970ల చివరిదాకా సాగాయి. పన్నెండు నవలలు దాదాపు పాతికేళ్లలో వచ్చాయంటే సగటున రెండేళ్లకు ఒకటి. ఆ ఏళ్లన్నిటా ఆయన ముఖ్యమైన పని నవలా రచన కాదన్న సంగతి గమనించదగినది. పాఠకులు పంపే కథలను చదవడం, ఎంచడం, తిరగరాయడం, సంచికను సమయానికి అచ్చుకు పంపడం అన్నవి పత్రికలో పనిచేసే వ్యక్తి నిత్యకృత్యాలు. తోకచుక్కలో కుండలినీ ద్వీపం నుంచి బయలుదేరిన సమరసేనుడు ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే మాంత్రికుల మధ్య చిక్కుకున్న కథ, అటువంటి పనిదినాల సందున నెలకు కొన్ని పుటల చొప్పున పుట్టింది.

ఆ రచనలోని పనితనాన్ని చూస్తే విడత అనేది లోపంగా కాక బలంగా ఎలా మారుతుందో తెలుస్తుంది. ప్రతి భాగానికీ తనదైన ఒక ప్రమాదం, ఒక తప్పించుకోవడం, ఒక కొత్త ప్రమాదం ఉంటాయి. పాత్ర పరిచయం రెండు మూడు వాక్యాల్లో అయిపోతుంది. వర్ణన చిత్రకారుడు చిత్రా గీసిన బొమ్మకు వదిలివేయబడుతుంది. నెల క్రితం చదివినది మరిచిపోయిన పాఠకుడికి కథ గుర్తుచేసే రెండు మాటలు ముందే ఉంటాయి. ఈ చివరి ఏర్పాటు పాఠకుడికే కాదు, రచయితకూ అవసరమైనది. పది రోజులపాటు కాగితం ముట్టని ఉద్యోగి తిరిగి రాయడానికి కూర్చున్నప్పుడు మొదటి గంట అంతా ఎక్కడ ఆపానా అని వెదుక్కోవడంలోనే పోతుంది, ఆ గంటే అతనికి ఆ వారానికి దొరికిన గంట అయితే రచన ఆగిపోయినట్టే. కాబట్టి ప్రతి విడత చివర తరువాతి సంఘటన ఏమిటో రెండు పంక్తుల్లో రాసిపెట్టి లేవడం, ఒక సన్నివేశం పూర్తిగా ముగియకముందే ఆపడం, ధారావాహిక రచయితలకు పత్రిక నేర్పిన అలవాట్లు. పత్రిక లేకపోయినా ఎవరైనా అలవరచుకోగలిగినవి.

లెక్క కూడా భయపెట్టేది కాదు. రోజుకు 250 మాటల చొప్పున, అంటే నోటుపుస్తకంలో పేజీన్నర చొప్పున, పండుగలు, పెళ్లిళ్లు, జ్వరాలు పోగా నెలకు 24 రోజులు రాసినా ఏడాదికి 72,000 మాటలవుతాయి. తెలుగులో ఒక మాట తరచు ఇంగ్లీషులో రెండు మూడు మాటలు చెప్పే పని చేస్తుంది గనుక ఇది చిన్న నవల కాదు. డిస్క్‌వరల్డ్ అనే హాస్య ఫాంటసీ నవలల వరుసతో లోకప్రసిద్ధుడైన ఇంగ్లండు రచయిత టెరీ ప్రాచెట్, 1987 దాకా విద్యుదుత్పత్తి సంస్థలో పత్రికా సంబంధాల అధికారిగా పనిచేస్తూ, రాత్రికి 400 మాటలు రాయడం నియమంగా పెట్టుకున్నాడు. ఆ వరుసలో మొదటి నవల 1983లో వచ్చిందంటే ఉద్యోగంలో ఉండగానే వచ్చిందన్నమాట. దీనికి మరో కొస జె.ఆర్.ఆర్. టోల్కీన్. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా ఉంటూ, నలుగురు పిల్లల సంసారం గడవడానికి వేసవి సెలవుల్లో బడిపిల్లల పరీక్ష పత్రాలు దిద్దుతూ, ఆ పత్రాల్లో ఒకరు ఖాళీగా వదిలిన పేజీ మీదనే ది హాబిట్ మొదటి వాక్యం రాసుకున్నాడు. 1937 చివర మొదలుపెట్టిన ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్ 1949లో గాని పూర్తి కాలేదు, అచ్చయ్యేసరికి 1954 వచ్చింది. ఇతర ఉద్యోగులకు ఈ పన్నెండేళ్ల లెక్క నిరుత్సాహం కలిగించవచ్చు. కాని ఆ మధ్యకాలంలో ఒక ప్రపంచ యుద్ధం జరిగిందని, వైమానిక దళంలో చేరి దక్షిణాఫ్రికాలో ఉన్న కొడుకు క్రిస్టఫర్‌కు 1944లో తండ్రి అధ్యాయాలను టపాలో పంపేవాడని కూడా గుర్తుంచుకోవాలి. కుటుంబంలో ఒక పాఠకుడు ఎదురుచూస్తూ ఉండటం నెలవారీ పత్రిక గడువుకు ఏమాత్రం తీసిపోదు.

కూర్చొని రాయడానికి వ్యవధి లేనివారికి మరో దారిని విశ్వనాథ సత్యనారాయణ చూపారు. కృష్ణా జిల్లా నందమూరులో పుట్టి, బందరు, గుంటూరు, విజయవాడ కళాశాలల్లో తెలుగు బోధించి, తరువాత కరీంనగరంలో ప్రిన్సిపాలుగా పనిచేసిన ఆయన నవలల్లో చాలాభాగం తాను చెబుతూ ఉండగా మరొకరు రాసినవే. వేయిపడగలు నవలను నెలరోజుల లోపునే ఆశువుగా చెప్పి రాయించారన్నది ప్రసిద్ధం. ఆయనను సంప్రదాయవాదిగానే చదివేవారికి తట్టని విషయం ఏమిటంటే, తెలుగులో వచ్చిన ఫాంటసీలలో అతి చమత్కారమైనవి రెండు ఆయన చేతి నుంచే వచ్చాయి. హాహాహూహూ అనే చిన్న నవలలో గుర్రపు ముఖం గల గంధర్వుడు రెక్క విరిగి లండను ట్రఫాల్గర్ కూడలిలో పడతాడు. విష్ణుశర్మ ఇంగ్లీషు చదువులో పంచతంత్రకర్త, తిక్కన కలిసి ఇంగ్లీషు నేర్చుకోవడానికి ఈ కాలానికి దిగివస్తారు. కళాశాల అధ్యాపకుడి పగటి పని, అంటే పాఠాలు, వ్యాకరణం, ఇంగ్లీషు చదువుల తంటా, రెండో నవలకు నేరుగా ముడిసరుకైంది. చెప్పి రాయించడానికి ఆనాడు రాయసకాడు కావలసివచ్చేది, నేడు తెలుగు మాటను అక్షరంగా మార్చే సదుపాయం చేతిఫోనులోనే ఉంది. అది వాక్యాన్ని తప్పుల తడకగా దింపినా, జగ్గయ్యపేట నుంచి విజయవాడకు బస్సులో కూర్చున్న ఉద్యోగికి దిద్దుకోవడానికి ఒక చిత్తుప్రతి చేతికి వస్తుంది, దిద్దడం రాయడం కంటే ఎప్పుడూ సులువు.

విశ్వనాథ కథలో తరచు చెప్పకుండా వదిలివేసే భాగం మాత్రం ఆ రాయసకాళ్లది. గొప్ప రచయిత తీరిక వెనుక ఎవరో ఒకరు అన్నం వండుతూనో, రాసిపెడుతూనో, పిల్లలను పక్క గదిలో ఆడిస్తూనో ఉంటారు, వారి పేరు అట్టమీదికి రాదు. పని, సంసారం, రచన మూడింటినీ సమం చేశానని ఎవరైనా చెప్పినప్పుడు, మూడింట్లో ఒకటి ఎవరి భుజం మీదికి జరిగిందని అడగడం తప్పు కాదు. మగ రచయిత తెల్లవారుజామున లేచి రాస్తే క్రమశిక్షణ అంటారు, అదే వేళకు లేచిన ఇల్లాలికి ఆ వేళ పాలకు, టిఫిన్‌కు, క్యారేజీలకు ముందే రాసి పెట్టబడి ఉంటుంది. ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ (1968) రాసిన అమెరికా రచయిత్రి అర్సులా లె గ్విన్ ముగ్గురు పిల్లల తల్లి. పిల్లలు నిద్రపోయాక రాసేవారు. ఒక మనిషి రెండు పూర్తికాలపు ఉద్యోగాలు చేయలేదు గాని, ఇద్దరు మనుషులు కలిస్తే మూడు చేయగలరన్నది ఆమె తన కాపురం నుంచి తేల్చిన లెక్క, అంటే భర్త ఇంటి పనిలో సగం మోసినందువల్లనే ఆమె రచన సాగిందని అర్థం.

తెలుగులో ఈ లెక్కకు సరిపోయే నిదర్శనం వసుంధర. ఆ పేరు ఒక వ్యక్తిది కాదు, జొన్నలగడ్డ రాజగోపాలరావు, రామలక్ష్మి దంపతుల ఉమ్మడి కలంపేరు. ఆయన భువనేశ్వరంలోని ప్రాంతీయ పరిశోధనశాలలో రసాయన శాస్త్రవేత్తగా ఉద్యోగం చేస్తూ ఉండగా, తెలుగు నేలకు దూరంగా ఉన్న ఆ ఇంటి నుంచి చందమామకు, ఇతర పత్రికలకు వందలకొద్దీ కథలు వచ్చాయి, వాటిలో రాజులు, రాక్షసులు, మునులు, మాయలు ఉన్న పిల్లల కథలకు లెక్కే లేదు. ఇద్దరూ రాసేవారైన ఇంట్లో రచన అనేది ఒకరు మరొకరి నుంచి దొంగిలించే సమయంగా ఉండదు, భోజనం దగ్గర మాట్లాడుకునే విషయంగా మారుతుంది. అందరికీ ఇటువంటి జోడీ కుదరదన్నది నిజమే. అయినా ఇంట్లోవారికి కథ చెప్పి, ఇక్కడ నమ్మబుద్ధి కావడం లేదు అని వారి చేత అనిపించుకోవడం ఏ సంసారంలోనైనా సాధ్యమే, ఫాంటసీకి అంతకు మించిన పరీక్ష లేదు.

ఉద్యోగం రచనకు అడ్డు అనే మాటను కొన్ని ఉదాహరణలు తిరగేస్తాయి. హిందీలో తొలి మహాప్రజాదరణ పొందిన అద్భుత నవల చంద్రకాంత (1888) రాసిన దేవకీనందన్ ఖత్రీ, కాశీ సమీపంలోని చకియా, నౌగఢ్ అడవుల గుత్తేదారుగా తిరిగిన మనిషి, ఆ అడవుల్లోని పాడుబడ్డ కోటలు, గుహలే ఆయన నవలలో తిలిస్మాతులు, అంటే కిటుకు తెలిస్తే తప్ప తెరుచుకోని మాయా నిర్మాణాలు, అయ్యాయి. తులసిదళం ద్వారా చేతబడిని నవలా పాఠకుల నిద్ర చెడగొట్టే వస్తువుగా మార్చిన యండమూరి వీరేంద్రనాథ్ చార్టర్డ్ అకౌంటెంటు. రాష్ట్ర ఆర్థిక సంస్థలోను, ఆంధ్రా బ్యాంకులోను ఉద్యోగం చేశాకనే పూర్తికాల రచయిత అయ్యారు. ఆ నవలలో మంత్రవాదానికీ వైద్యానికీ మధ్య పద్దు రాసినట్టు సాగే వాదోపవాదాల్లో లెక్కల మనిషి చేయి కనిపిస్తుందంటే అతిశయోక్తి కాదు.

వత్సవాయి మండలంలో, జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల ఉన్న మెట్ట కృష్ణాలో, అంటే కాలువ నీరు పారే డెల్టాకు ఎగువన పత్తి, మిరప, అపరాలు పండే ప్రాంతంలో, ఖత్రీ అడవులకు సాటిరాగల సరంజామా తక్కువేమీ కాదు. ఈ భాగం 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. జగ్గయ్యపేట పూర్వపు పేరు బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరిట ఇక్కడ పేటను నెలకొల్పాడు. ఊరి పక్కన ధనంబోడు అనే గుట్ట మీద బౌద్ధ స్తూపం శిథిలాలుంటే, వాటిని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశోధించాడు. అక్కడ దొరికిన, ప్రస్తుతం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న ఒక సున్నపురాతి ఫలకం మీద మాంధాత చక్రవర్తి చేయెత్తి నిలబడి ఉంటే మేఘాల నుంచి నాణేల వర్షం కురుస్తూ ఉంటుంది, చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, మణి మొదలైన సప్తరత్నాలుంటాయి. మాంధాత కథ బౌద్ధ గ్రంథాల్లో తృప్తి ఎరుగని కోరికకు ఉదాహరణగా సాగుతుంది. బంగారం కురిపించగలిగిన రాజు స్వర్గంలో సగం సంపాదించి, రెండో సగం కూడా ఆశించి కింద పడతాడు. రెండు వేల ఏళ్ల నాడే ఒక ఫాంటసీ నవల సారాంశాన్ని చెక్కి పెట్టిన ఊరు పక్కన ఉండగా, యూరపు కోటలను, మంచు కొండలను, మంట కక్కే డ్రాగన్లను అరువు తెచ్చుకోవలసిన అవసరం ఇక్కడి రచయితకు లేదు.

అదే స్తూపం దగ్గర దొరికిన అయిదు ఆయక స్తంభాల శాసనం, ప్రస్తుత విషయానికి ఇంకా దగ్గరది. ఆయక స్తంభాలంటే స్తూపం నాలుగు దిక్కులా ఉండే వేదికల మీద నిలిపే రాతి స్తంభాలు. ఇక్ష్వాకు రాజు మాఠరీపుత్ర వీరపురుషదత్తుని ఇరవయ్యో పాలనా సంవత్సరంలో, అంటే క్రీస్తు శకం మూడో శతాబ్దిలో, వాటిని దానం చేసినది రాజో సేనాపతో వర్తకుడో కాదు, సిద్ధార్థుడనే శిల్పి. తండ్రి కూడా ఆ వృత్తివాడేనని చెప్పుకుంటూ, తల్లి, భార్య, పిల్లలు, తోబుట్టువులు మొదలైన బంధువులతో కలిసి నిలిపానని ఆయన ప్రాకృత భాషలో చెక్కించాడు. చేతి పనితో బతికే మనిషి, కుటుంబాన్ని వదిలిపెట్టి కాక కుటుంబం పేర్లన్నీ వెంటబెట్టుకొని తన పనిని లోకానికి ఇచ్చిన ఈ శాసనం చదివిన తరువాత, ఏకాంతం లేనిదే కళ లేదన్న మాట అంత గట్టిగా అనిపించదు.

ఈ ప్రాంతానికి వజ్రాల చరిత్ర కూడా ఉంది. నందిగామ, విజయవాడల మధ్యనున్న పరిటాల ఒకనాటి వజ్రాల గనుల చోటు. సర్కారు జిల్లాలు ఇంగ్లీషువారి చేతికి పోయినా నిజాం ఈ చిన్న ప్రాంతాన్ని వదులుకోకపోవడానికి ఆ గనులే కారణం. చుట్టూ పరాయి పాలన, మధ్యలో రాళ్ల కోసం అట్టిపెట్టుకున్న కొన్ని ఊళ్లు, ఈ వింత సరిహద్దు ఒక్కటే ఒక నవలకు సరిపోతుంది. మున్నేరు మీద పోలంపల్లి ఆనకట్ట, కృష్ణ ఒడ్డున ముక్త్యాల కోట, వేదాద్రి నరసింహస్వామి, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లు, 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగి ఊళ్లలోకి వచ్చిన రోజు, ఇవన్నీ ఇక్కడివారు కళ్లారా చూసినవి. ఫాంటసీలో లోక నిర్మాణమనే పని ఉంటుంది, అంటే కథ జరిగే కల్పిత దేశానికి నేల, నీరు, పంట, కొలువు, దేవుళ్లు, మాట తీరు సమకూర్చడం. ఆ దేశంలో మంత్రానికి ఉన్న శక్తి ఎంత, దానికి చెల్లించవలసిన మూల్యం ఏమిటి అన్న నియమాలు కూడా అందులోవే. మూల్యం లేని మంత్రం మూడో అధ్యాయానికే కథను చంపుతుంది. ఈ నిర్మాణానికి చేతిరాత కంటే ఆలోచన ఎక్కువ కావాలి, ఆలోచనకు కుర్చీ బల్లలు అక్కరలేదు. పత్తితీతకు కూలీలను తోలుకెళ్లే ట్రాక్టరు మీద, సిమెంటు కర్మాగారంలో రాత్రి షిఫ్టు మధ్య విరామంలో, బడి వదిలాక ఇంటికి వెళ్లే దారిలో ఒక నది ఎక్కడ పుట్టి ఎక్కడ ఇంకాలో నిర్ణయించుకోవచ్చు. నిర్ణయించిన వెంటనే చిన్న పుస్తకంలో రాసుకోవడం మాత్రం తప్పనిసరి, ఎందుకంటే విడతల్లో రాసేవారికి వచ్చే పెద్ద చిక్కు అసంగతి: మొదటి భాగంలో ఎడమచేతి వాటంగా ఉన్న మాంత్రికుడు ఆరు నెలల తరువాత కుడిచేత్తో కత్తి తీస్తాడు, పేరులో ఒక అక్షరం మారిపోతుంది, దేశానికి రెండు రాజధానులు వస్తాయి. పాత్రల పేర్లు, వయసులు, ఊళ్ల మధ్య దూరాలు, మంత్ర నియమాలు ఒకచోట ఉంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

రోజూ రాయాలన్న సలహా నగర జీవితపు నెలజీతగాళ్లను దృష్టిలో పెట్టుకున్నది. మెట్ట రైతు కుటుంబానికి పత్తి చేతికొచ్చే కాలంలోను, మిరప కోతల నుంచి కల్లాల్లో ఎండబెట్టి గుంటూరు యార్డుకు పంపేదాకానూ కాగితం ముట్టడం కుదరదు, కుదరలేదని నొచ్చుకోవడం అనవసరం. ఆ నెలలను ఆలోచనకు, వేసవిని రచనకు, తొలకరి తరువాత దొరికే అడపాదడపా వ్యవధిని దిద్దుబాటుకు కేటాయించినా ఏడాది లెక్క సరిపోతుంది. ఉపాధ్యాయులకు వేసవి సెలవులున్నాయి, అయితే ఆ సెలవుల్లోనే పెళ్లిళ్లూ ఉంటాయి.

డబ్బు విషయంలో భ్రమలు పెట్టుకోకపోవడం మంచిది. తెలుగు నవల సాధారణంగా అయిదు వందలో వెయ్యో ప్రతులు అచ్చవుతుంది, తరచు రచయిత ఖర్చుతోనే అచ్చవుతుంది, అమ్ముడుపోయిన సొమ్ము నెల జీతానికి బదులు కావడం చాలా అరుదు. శివుడి కథను నవలగా మలచిన అమీష్ త్రిపాఠీ బీమా రంగంలో ఉద్యోగం చేస్తూ ఆఫీసుకు వెళ్లే కారులో వెనక సీటులో కూర్చొని రాసేవాడు. 2010లో మొదటి పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయినా, రాయల్టీ, అంటే అమ్మకంలో రచయిత వాటా, జీతాన్ని మించేదాకా రాజీనామా చేయలేదు. ఇంగ్లీషులో రాసి దేశమంతటా అమ్మినవాడే అంత జాగ్రత్త పడ్డప్పుడు తెలుగు రచయిత తొందరపడటంలో అర్థం లేదు. పైగా నెలజీతం ఉన్నవారికి ఒక స్వేచ్ఛ ఉంటుంది: అమ్మకం కోసం కథను వంచవలసిన పనిలేదు. ధారావాహికలు వేసే పత్రికలు తగ్గిపోయాయి గాని, విడత పద్ధతి పోలేదు, ప్రతిలిపి వంటి చదువు యాప్‌లు, నవలలను గొంతుతో వినిపించే యాప్‌లు దాన్నే మళ్లీ ముందుకు తెచ్చాయి, కొత్త రచయిత రోజుకొక భాగం పెట్టి పాఠకుల మాట వెంటనే వినవచ్చు. ఆ మాటకు లొంగి అనవసరంగా వందల భాగాలు సాగదీసే ప్రమాదం కూడా అక్కడే ఉంది. దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు కొంతకాలానికి ముగిసేవి, మళ్లీ కొత్త లోకం మొదలయ్యేది.

హక్కుల విషయం ముందే తెలుసుకొని ఉండాలి. 1957 నాటి భారత కాపీరైటు చట్టం ప్రకారం, ఉద్యోగ విధిలో భాగంగా చేసిన రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు యజమానే అవుతాడు. ఉద్యోగానికి సంబంధం లేకుండా ఇంట్లో రాసుకున్న నవల మాత్రం రచయితదే, ఆ హక్కు రచయిత మరణించిన తరువాత మరో అరవై ఏళ్లపాటు వారసులకు ఉంటుంది. ప్రభుత్వ ఉద్యోగులు తమ శాఖ ప్రవర్తనా నియమావళిలో సాహిత్య రచన గురించి, దాని మీద వచ్చే ఆదాయం గురించి ఏముందో ప్రచురణకు ముందే చూసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల నియమాలు, విధులకు భంగం కలగనంతవరకు అడపాదడపా చేసే సాహిత్య రచనకు అభ్యంతరం చెప్పవు. ప్రచురణకర్తతోనో యాప్‌తోనో చేసుకునే ఒప్పందంలో అచ్చు, శబ్దరూపం, అనువాదం, సినిమా హక్కులు విడివిడిగా రాసి ఉన్నాయా, ఎన్నేళ్లకు ఇస్తున్నారు, ఆ గడువు తీరాక అవి ఎవరికి తిరిగి వస్తాయి అన్నవి సంతకానికి ముందు చదవవలసిన పంక్తులు, పాత్రల మీద హక్కు కూడా రాసిచ్చేసినవారు తాము పుట్టించిన మాంత్రికుడితో రెండో నవల రాయడానికి మరొకరి అనుమతి అడగవలసి వస్తుంది.